రొట్టె, పప్పు, ఓటు

రూపాయికి రొట్టె, పప్పు పెట్టిన మనిషి మన వాకిట్లో నిలబడి ఓటడిగితే ఏం చెప్పాలి? నంద్యాలలో ఇది ఊసుపోక వేసుకునే ప్రశ్న కాదు. 1991 నుంచి 2019 దాకా ఎస్.పి.వై. రెడ్డి గారు ఎన్నికల్లో నిలబడ్డ ప్రతిసారీ ఈ ఊరూ, చుట్టూ ఉన్న పల్లెలూ, అవతల ఆళ్లగడ్డ దాకా జనం ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కున్నారు. కొన్నిసార్లు కాదన్నారు, కొన్నిసార్లు గట్టిగా అవునన్నారు. ఆయన పోయి ఏళ్ళు గడిచినా ప్రశ్న మాత్రం మిగిలే ఉంది. ఫ్యాక్టరీ పెట్టినాయనో, అపార్టుమెంట్లు కట్టినాయనో, వెంచర్లు వేసినాయనో నాలుగు మంచి పనులు చేసి, ఆ తర్వాత కండువా కప్పుకుని మన గడపలోకి వస్తూనే ఉన్నాడు. అలాంటి మనిషికి మద్దతివ్వడం తప్పని నేననుకోను, ఇవ్వాలనే అనుకుంటాను. ఎట్లా ఇవ్వాలన్నదే నా ఆలోచనంతా.

రెడ్డి గారిది కడప జిల్లా అంకాలమ్మ గూడూరు. 1950లో పుట్టారు. వరంగల్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ చదివి, బొంబాయిలో భాభా అణు పరిశోధన కేంద్రంలో ఉద్యోగం సంపాదించారు. సీమ పల్లెలో పుట్టిన పిల్లవాడికి ఆ కాలంలో అంతకంటే ఏం కావాలి? ఇంట్లో వాళ్ళు పదిమందికి చెప్పుకునే ఉద్యోగం. దాన్ని 1977లో వదిలేసి నంద్యాల చేరి, ప్లాస్టిక్ డబ్బాలు తయారుచేసే ఫ్యాక్టరీ పెట్టుకున్నారు. 1984లో పీవీసీ పైపులు మొదలుపెట్టారు. అవే నంది పైపులు. తర్వాత పాల డెయిరీ వచ్చింది, సిమెంటు వచ్చింది. కానీ జనానికి ఆయన మొదట పైపుల మనిషే.

సీమలో పైపు అంటే ఏమిటో కోస్తా వాళ్ళకు చెబితే గానీ తెలియదు. బోరు వేసే రోజు రైతు ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. బోరు బండి పొలంలోకి దిగుతుంది. పై మట్టి దాటి గట్టి రాయి తగిలేదాకా వేసి, మట్టి కూలకుండా కేసింగ్ పైపు దించుతారు. ఆ తర్వాత రాడ్డు మీద రాడ్డు దిగుతుంటే తెల్లటి రాతి దుమ్ము ఆకాశానికి లేస్తుంది. ఆ దుమ్ము పొడిగా ఉన్నంతసేపు చుట్టూ నిలబడ్డవాళ్ళు మాట్లాడరు. అది తడిసి బురదై చిమ్మినప్పుడు గానీ ఊపిరి పీల్చుకోరు. నీళ్ళు పడ్డాక మోటారు దించాలి, చేను దాకా లైను వెయ్యాలి. పైపు కొసకు గమ్ము పూసి, రెండో పైపు నోట్లోకి దూర్చి, కొంచెం తిప్పి, అర నిమిషం కదలకుండా పట్టుకుని నిలబడతాడు కుర్రవాడు. ఇనుప పైపు బరువు, ఖరీదు, పైగా తుప్పు. ప్లాస్టిక్ పైపును ఇద్దరు మనుషులు భుజాన వేసుకుని గట్టు మీద నడిచిపోతారు. అట్లా నంది అనే పేరు రాజకీయాల్లోకి రాకముందే పొలాల్లోకి వెళ్ళింది. పైగా నంద్యాల చుట్టూ నవనందుల గుళ్ళున్న సీమలో ఆ పేరు ఎవరికి కొత్త?

ఆ తర్వాత ఆకలి సంగతి పట్టించుకున్నారు. రూపాయికే రొట్టె, పప్పు. ఆసుపత్రి పని మీద వచ్చినవాళ్ళు, కూలికొచ్చి పని దొరకనివాళ్ళు, మార్కెట్ యార్డులో సరుకు అమ్ముడుపోక పొద్దు కూకిందాకా కూచున్నవాళ్ళు – ఇట్లాంటి జనానికి టౌన్లో పూట గడవడమే కష్టం. రూపాయి తీసుకోవడంలో ఒక మర్యాద ఉంది. ఉచితంగా పెడితే చెయ్యి చాచాలి, రూపాయి ఇస్తే కొనుక్కుని తిన్నట్టు. ఆ రూపాయితో పిండి ఖర్చు కూడా వెళ్ళదని ఇచ్చేవాడికీ తెలుసు, తినేవాడికీ తెలుసు. అయినా ఇద్దరి మధ్యా ఆ నాణెం ఉండటం మంచిదే. ఆ పని చేసిన మనిషి మీద నాకున్న గౌరవం ఆయన తర్వాత వేసిన ఏ రాజకీయపు అడుగు వల్లా తగ్గలేదు.

ఆయన ఎందుకు నిలబడ్డారో తెలియాలంటే నంద్యాల లోక్‌సభ స్థానం కథ కొంచెం చెప్పుకోవాలి. ఇక్కడి నుంచి గెలిచినవాళ్ళు చాలా ఎత్తుకు ఎదిగారు. 1977లో రాష్ట్రంలో ఉన్న 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు పోతే, మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల. నీలం సంజీవరెడ్డి గారు జనతా పార్టీ తరఫున ఇక్కడ గెలిచి లోక్‌సభ స్పీకరై, అదే సంవత్సరం రాష్ట్రపతి అయ్యారు. 1991లో పి.వి. నరసింహారావు గారు ప్రధానమంత్రి అయ్యాక సభలోకి రావడానికి నంద్యాలనే ఎంచుకున్నారు. ఆళ్లగడ్డ గంగుల ప్రతాపరెడ్డి గారు తన సీటు ఖాళీ చేసి ఇచ్చారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీ రామారావు గారు పోటీ పెట్టలేదు. పి.వి. గారికి అయిదున్నర లక్షలకు పైగా మెజారిటీ వచ్చింది. 1996లో మళ్ళీ ఇక్కడా, ఒడిశాలోని బరంపురంలోనూ గెలిచి, బరంపురం ఉంచుకుని నంద్యాలను వదులుకున్నారు. ఇవన్నీ మాకు గర్వంగా చెప్పుకునే సంగతులే. ఆ గర్వం వెనక ఒక వెలితి కూడా ఉంది. గెలిచిన పెద్దవాళ్ళు ఢిల్లీలోనే కనిపించారు. కుందూ నది పొంగి ఇళ్ళలోకి నీళ్ళొచ్చినప్పుడు వీధిలో కనిపించే మనిషి కావాలని జనానికి అనిపించడంలో వింతేముంది?

ఆళ్లగడ్డ సంగతి వేరు. అహోబిలం దారిలో రాతిని దేవుడిగా మలిచే శిల్పుల ఊరది. రాజకీయం మాత్రం రెండు కుటుంబాల చుట్టూ తిరిగింది, గంగుల వారు, భూమా వారు. అక్కడ ఓటు చాలామందికి అభిమానానికి గుర్తు. 2014 ఏప్రిల్ 24న, ఎన్నికల బరిలో ఉన్న భూమా వారి శోభా నాగిరెడ్డి గారు రోడ్డు ప్రమాదంలో పోయారు. మే నెలలో పోలింగు జరిగితే, పోయిన మనిషినే ఆళ్లగడ్డ గెలిపించింది. ఆ ఓట్ల లెక్కను తలచుకుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది. అభిమానం ఎంత దూరం వెళ్తుందో దేశానికి చూపించిన ఊరది. కానీ పోలింగు రోజున మనం చేసే పనిలో అభిమానం పాలెంత, ఆలోచన పాలెంత అని అడగాల్సి వచ్చేదీ ఇట్లాంటి చోటే.

ఈ వాతావరణంలో వెనకాల ఏ పెద్ద కుటుంబమూ లేని ఒక ఇంజనీరు, పొరుగు జిల్లా నుంచి వచ్చి ఫ్యాక్టరీ పెట్టుకున్న మనిషి, ఓటడగడమే ఒక కొత్త సంగతి. వంశం గురించి చెప్పుకోకుండా, చేసిన పని గురించి చెప్పుకుని ఓటడిగే వీలు ఆయన వల్ల ఏర్పడింది. ఇది చిన్న మేలు కాదు. స్థానికంగా వ్యాపారం చేసి, నలుగురికి పనిచ్చి, ఆ ఊళ్ళోనే కాపురమున్నవాడు రాజకీయాల్లోకి వస్తే మనం కనీసం తలుపు తెరిచి మాట్లాడాలని నేననేది ఇందుకే.

'అన్నం పెట్టి ఓట్లు కొన్నాడు' అని తేల్చిపారేసేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళు ఆయన గెలుపోటముల వరుసను ఒకసారి చూడాలి. 1991లో బీజేపీ తరఫున లోక్‌సభకు నిలబడి ఓడారు. 1999లో నంద్యాల, గిద్దలూరు అసెంబ్లీ స్థానాల్లో ఇండిపెండెంటుగా నిలబడ్డారు, గెలవలేదు. 2000లో కాంగ్రెస్ తరఫున నంద్యాల మునిసిపల్ చైర్మన్ అయ్యారు. 2004లో, 2009లో కాంగ్రెస్ ఎంపీ. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ ఎంపీ. 2019లో జనసేన అభ్యర్థిగా ప్రచారంలో ఉండగానే జబ్బుపడి హైదరాబాదులో ఆసుపత్రి పాలయ్యారు. ఏప్రిల్ 11న పోలింగు జరిగింది, ఏప్రిల్ 30న ఆయన కన్నుమూశారు. మే 23న పెట్టెలు తెరిస్తే ఆ స్థానం వైఎస్సార్ కాంగ్రెస్‌కు వెళ్ళింది. అంటే జనం పెట్టిన చేతిని గుర్తుపెట్టుకున్నారు, పార్టీ గుర్తునూ చూశారు. వెనక గట్టి పార్టీ లేనప్పుడు ఎంత పేరున్నా ఓడించారు. మా ఓటరు రొట్టెకు అమ్ముడుపోయే మనిషి కాదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మరి పెట్టిన చేతి వల్ల లాభమేమిటంటే, అది టికెట్ తెచ్చిపెడుతుంది. పార్టీలు మంచి పేరును చూస్తాయి, ఆ పేరు వెనక ఉన్న డబ్బునూ చూస్తాయి. ఇప్పుడు ఎన్నికల సంఘం లెక్క ప్రకారమే ఒక లోక్‌సభ అభ్యర్థి 95 లక్షల దాకా, అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షల దాకా ఖర్చు పెట్టుకోవచ్చు. అది కాగితం మీది లెక్క. బడిపంతులో, పాలకేంద్రం నడిపే మనిషో, ఆళ్లగడ్డ శిల్పో ఆ మాట విని మొదటి రోజే వెనక్కి తగ్గుతాడు. అందుకే సేవచేసే వ్యాపారి కనబడగానే పార్టీలన్నీ ఆయన ఇంటి ముందు వరుస కడతాయి. ఆయన మంచివాడు కావడం మన అదృష్టం, అంతే. ఆ పద్ధతి మాత్రం మంచిది కాదు.

ఇక ఇచ్చిన మనిషికీ, పుచ్చుకున్న మనిషికీ మధ్య ఉండే సంగతి. 'ఆయప్ప పెట్టినాడు, మనం తిన్యాం, ఓటెయ్యకుంటే ఎట్లా?' అనే మాట మా వైపు పెద్దవాళ్ళ నోట వస్తుంది. అందులో ఉన్న ధర్మాన్ని నేను తక్కువ చెయ్యను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదని నేర్చుకుంటూ పెరిగిన జనం మేము. కానీ ఆ ఇంటాయన రేపు చైర్మనో, ఎంపీయో అయితే ఆ వాసాలు మన పన్నులతో వేసినవవుతాయి. అప్పుడు వాటిని లెక్కపెట్టడం మన పని. పెట్టిన చేతిని నిలదీయాలంటే నోరు రాదు. దాత చేతిలోకి అధికారం పోయినప్పుడు వచ్చే చిక్కు ఇదే. దాతను ఎందుకివ్వలేదని అడగలేం. చైర్మన్‌ను అడక్కపోతే పని జరగదు. ఇద్దరూ ఒకే మనిషైతే జనం ఎవరితో మాట్లాడుతున్నట్టు?

రొట్టె సంగతినే ఇంకొంచెం ముందుకు తీసుకుపోదాం. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది. ఒక దాత చెయ్యగలిగినదానికి ఎన్నో రెట్లు పెద్ద పని అది, ప్రతి పల్లెలో చౌకధరల దుకాణం దాకా చేరిన పని. 2018లో అన్న క్యాంటీన్లు వచ్చి అయిదు రూపాయలకు భోజనం పెట్టాయి. 2019లో ప్రభుత్వం మారగానే అవి మూతపడ్డాయి, 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. మధ్యలో ఆ అయిదేళ్ళు ఆసుపత్రి గేటు దగ్గర ఆకలితో నిలబడ్డవాళ్ళకు ఏ పార్టీ సమాధానం చెప్పింది? దాత మనసు మారితే రొట్టె ఆగుతుంది, సర్కారు మారితే క్యాంటీన్ ఆగుతుంది. 2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రతా చట్టం కింద కార్డుదారుడికి రావాల్సిన బియ్యం మాత్రం ఎవరి మనసునుబట్టీ ఆగడానికి వీల్లేదు. ఆగితే అడగొచ్చు, ఫిర్యాదు చెయ్యొచ్చు. దానంగా మొదలైంది పథకమై, పథకం హక్కుగా మారేదాకా తీసుకుపోవడమే రాజకీయంలో చెయ్యాల్సిన పని అని నా నమ్మకం. దానానికి మంచి మనసు చాలు. దాన్ని హక్కుగా మార్చాలంటే సభలో కూచుని, అధికారులతో వాదించి, బడ్జెట్‌లో పద్దు రాయించాలి. మన మంచి వ్యాపారి ఎన్నికల్లో గెలిచాక చెయ్యాల్సిన పని ఈ రెండోది. చాలామంది గెలిచాక కూడా మొదటిదే చేస్తుంటారు, ఇంకొంచెం పెద్ద ఎత్తున.

ఇట్లా ఆలోచించినప్పుడు నాకు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరం గుర్తొస్తుంది. జోసెఫ్ చేంబర్లేన్ ఆ ఊరివాడు కాదు. లండన్ నుంచి వచ్చి మరమేకులు చేసే ఫ్యాక్టరీలో భాగస్వామి అయ్యాడు, బాగా సంపాదించాడు. వ్యాపారం నుంచి తప్పుకుని ఊరి పనిలోనే మునిగాడు. 1873 నుంచి 1876 దాకా మేయరు. ఆయనకు కావాలంటే తన సొమ్ముతో వీధి వీధికీ నీళ్ళు పంచి పేరు తెచ్చుకోగలిగేవాడు. అట్లా చెయ్యలేదు. ప్రైవేటు కంపెనీల చేతుల్లో ఉన్న గ్యాసును నగర పాలక సంస్థ చేత కొనిపించాడు. ఆ గ్యాసు మీద వచ్చిన లాభం ఊరి బాగుకు ఖర్చయింది. నీళ్ళ కంపెనీనీ కొనిపించాడు, కానీ నీళ్ళ మీద లాభం తియ్యకూడదన్నాడు. ఆయన పదవి నుంచి దిగిపోయాకా నీళ్ళు వచ్చాయి, ఎందుకంటే ఆ నీళ్ళు ఊరివి. నంద్యాలకూ బర్మింగ్‌హామ్‌కూ పోలికేమిటి అనొచ్చు. ఒకడు మరమేకులు చేశాడు, ఒకాయన పైపులు చేశారు. ఇద్దరూ బయటినుంచి వచ్చారు, ఇద్దరూ ముందు మునిసిపాలిటీ, తర్వాత పార్లమెంటు చూశారు. అక్కడ తన సొంత చేతి అవసరం లేకుండా పోయేట్టు చెయ్యడం జరిగింది. ఇక్కడ అంత పని జరగలేదు. ఆ తప్పంతా ఒక మనిషిదని నేననను. మన మునిసిపాలిటీలకు ఆ అధికారమూ, ఆ డబ్బూ ఎప్పుడిచ్చాం కనుక? 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. నీటి సరఫరా, పట్టణ ప్రణాళిక వంటి 18 అంశాలు పురపాలికలకు అప్పగించొచ్చని అందులో రాసుకున్నాం. అప్పగించడం మాత్రం రాష్ట్రాల ఇష్టానికి వదిలేశాం.

రెడ్డి గారి గురించి నాకు గట్టిగా అనిపించేది ఒకటుంది. ఆయన అసలు చోటు మునిసిపాలిటీ. ఫ్యాక్టరీ నడిపిన మనిషికి పొద్దున చెప్పిన పని సాయంత్రానికి కళ్ళెదుట కనబడాలి. పైపు పగిలితే ఎక్కడ పగిలిందో వెతికి అతికే పని అది. ఢిల్లీలో పని అట్లా ఉండదు. నంద్యాల–యర్రగుంట్ల రైలు మార్గం సంగతే తీసుకోండి. పి.వి. గారి కాలంలో అనుకున్నది, 2016లో గానీ రైలు నడవలేదు. బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగా ఆ రైలు పోతుంటే చూసి సంతోషించాం. కానీ ఇరవై ఏళ్ళ పాటు ఒక్కో బడ్జెట్‌లో కొంచెం కొంచెం డబ్బు అడగడం అనే పని, చేతులతో కట్టడం తెలిసిన మనిషికి ఎంత విసుగు పుట్టించి ఉంటుంది! నంద్యాల వార్డుల్లో, మురికి కాల్వల దగ్గర, నీళ్ళ ట్యాంకుల దగ్గర ఆ బుర్ర ఇంకో పదేళ్ళు పనిచేసి ఉంటే ఊరి ముఖమే మారేదేమో అనిపిస్తుంది. మనవాళ్ళు మంచి మనిషి కనబడగానే పైకి పంపిస్తారు. కౌన్సిలర్ అయితే చిన్నతనం, ఎంపీ అయితే గౌరవం. ఈ లెక్క వల్ల ఊళ్ళకు చాలా నష్టం జరిగింది.

పార్టీల సంగతి కూడా దాటెయ్యడానికి లేదు. 2014లో ఆయన ఒక పార్టీ గుర్తు మీద గెలిచి, ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే రాష్ట్రంలో అధికారంలోకి వస్తున్న పార్టీలోకి వెళ్ళారు. ఎంపీ పదవి మాత్రం ఐదేళ్ళూ ఆయన దగ్గరే ఉంది. నియోజకవర్గానికి పనులు కావాలంటే అధికార పక్షంలో ఉండాలి కదా అనేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నాకు ఆ వాదం నచ్చదు. ఓటు వేసినవాడు ఆ మనిషికీ, ఆ గుర్తుకూ కలిపి వేశాడు. పనికొచ్చే పని కోసమైనా ఆ రెండింటినీ విడదీయడానికి ముందు ఓటరును అడగాలి. వెళ్ళాలనుకుంటే రాజీనామా చేసి మళ్ళీ నిలబడొచ్చు. చేంబర్లేన్ కూడా 1886లో ఐర్లండు స్వపరిపాలన విషయంలో సొంత పార్టీని చీల్చి అవతలికి పోయాడు, చివరికి సామ్రాజ్యవాదిగా మిగిలాడు. ఊరికి నీళ్ళిచ్చినంత మాత్రాన ఆ తర్వాతి నిర్ణయాలన్నీ మంచివే అవుతాయని ఎవరికీ పూచీ లేదు. దానం చేసిన మనిషికి మనం గౌరవమివ్వొచ్చు, ఖాళీ చెక్కు మాత్రం ఇవ్వకూడదు.

ఇప్పుడు నంద్యాల జిల్లా కేంద్రం. 2022 ఏప్రిల్ 4న అయింది. నిన్నమొన్నటి దాకా పైరు పెరిగిన చోట రాళ్ళు పాతి, రంగులు వేసి, తోరణం కట్టిన వెంచర్లు ఏ దారిలో పోయినా కనిపిస్తాయి. ఆళ్లగడ్డ దారిలోనూ అంతే. రేపు మన దగ్గరకు వచ్చే వ్యాపారి పైపుల ఫ్యాక్టరీ ఆయన కాకపోవచ్చు, బిల్డరే వస్తాడు. చలివేంద్రం పెట్టి ఉంటాడు, గుడికి గాలిగోపురం కట్టించి ఉంటాడు, బడికి బెంచీలు ఇచ్చి ఉంటాడు. ఆయన మంచితనం ఎంతో చూడటానికి వీటికంటే సులువైన దారి ఒకటుంది. ఆయన వేసిన లేఅవుట్‌లోకి వెళ్ళి నడవాలి.

అనుమతి ఉన్న ప్రతి లేఅవుట్‌లోనూ పదో వంతు స్థలం అందరి కోసం ఖాళీగా వదలాలి. ఆ స్థలాన్నీ, రోడ్లనూ గిఫ్ట్ డీడ్ రాసి పంచాయతీకో మునిసిపాలిటీకో రిజిస్టర్ చేసివ్వాలి. బ్రోషర్‌లో దాన్ని ఆకుపచ్చ రంగుతో పార్కు అని చూపిస్తారు. అక్కడికి పోయి చూడండి. చుట్టూ కంచె ఉందా? బోర్డు మీద మునిసిపాలిటీ పేరుందా, లేక తుమ్మ చెట్లు మొలిచి, మూలన ఎవరో గడ్డివామి వేసుకున్నారా? వాననీళ్ళు పోయే కాల్వ ఎక్కడిదాకా ఉంది? చాలా లేఅవుట్లలో కాల్వ చివరి ప్లాటు దగ్గర ఆగిపోతుంది. దాని తర్వాత నీళ్ళు ఎటు పోవాలన్నది అవతలి చేనివాడి సమస్య అవుతుంది. ఇక్కడ చామకాల్వ ఉంది, మద్దిలేరు ఉంది, ఇవన్నీ కుందూలో కలవాలి. 2019 సెప్టెంబరులో మహానంది గుడి చుట్టూ నీళ్ళు నిలిచినప్పుడు, నంద్యాల వీధుల్లోకి వాగులు వచ్చినప్పుడు, వాగు వెడల్పు అంటే ఏమిటో అందరికీ అర్థమైంది. ఆ వెడల్పులో అర గజం కూడా కలుపుకోకుండా ప్లాట్లు వేసిన బిల్డరు ఉంటే, ఆయన కట్టించిన గాలిగోపురం కంటే ఆ వదిలిన అర గజానికే నేను ఎక్కువ దణ్ణం పెడతాను. చట్టం ప్రకారం ఇవ్వాల్సిన స్థలాన్ని మాట్లాడకుండా, సరైన చోట, ఊబిలోనో గుంటలోనో కాకుండా ఇచ్చినవాడు సమాజం పట్ల బాధ్యత ఉన్న మనిషి. అది ఎగ్గొట్టి చలివేంద్రం పెట్టినవాడు మన నీళ్ళే మనకు గ్లాసుతో పోస్తున్నాడు.

కాబట్టి నా మద్దతు ఇట్లా ఉంటుంది. మంచి బిల్డరు ఒకాయన మా వార్డులో నిలబడతానంటే ముందు సంతోషిస్తాను. ఊళ్ళో వ్యాపారం చేసి, ఊళ్ళోనే డబ్బు పెట్టి, ఊళ్ళోనే బిడ్డల్ని చదివించుకునే మనిషి రావడం మంచిదే. ఆయన దగ్గరికి వెళ్ళి నమస్కారం చేసి, 'అన్నా, నీ లేఅవుట్ల గిఫ్ట్ డీడ్ కాపీలు ఒకసారి చూపిస్తావా' అని అడుగుతాను. గెలిచాక తన కంపెనీకి మునిసిపల్ కాంట్రాక్టులు రాకుండా చూసుకుంటాడా అని అడుగుతాను. తన ప్లాట్ల దగ్గర ఒక రోడ్డు, బీదలుండే వీధిలో ఇంకో రోడ్డు ఉంటే ఏది ముందు వేయిస్తాడో చెప్పమంటాను. ఇప్పుడు సొంత డబ్బుతో తిప్పుతున్న నీళ్ళ ట్యాంకరు ఏ ఏడాదికల్లా అవసరం లేకుండా పోతుంది, ఆ వీధికి పైపు లైను ఎప్పుడు వస్తుంది, దానికి డబ్బు ఏ పద్దులోంచి తెస్తాడని అడుగుతాను. ఏ పార్టీ గుర్తు మీద గెలుస్తాడో, ఐదేళ్ళూ అందులోనే ఉంటాడా అని కూడా. ఇవి అడిగితే కోపం తెచ్చుకునేవాడైతే ఆయన దాతగానే ఉండిపోవడం ఊరికి మేలు.

ఓపిగ్గా కూచోబెట్టి, కాగితాలు ముందు పెట్టి, తెలిసింది చెప్పి, తెలియనిది తెలుసుకుని చెబుతానన్నాడా, రేపు పొద్దున ఆరింటికే ఓటరు స్లిప్పులు పట్టుకుని ఆయన వెంట ఇల్లిల్లూ తిరగడానికి నేను సిద్ధం. గెలిచిన నెలకు అవే ప్రశ్నలతో మునిసిపల్ ఆఫీసులో ఆయన గది ముందు నిలబడటానికీ సిద్ధమే.